కదలని తీతువు పిల్ల

కరోనా అణిగిన మరుసటి ఏడు, మే నెల. మిర్యాలగూడలో నా ఫోటో స్టూడియోకి అప్పటికి పద్నాలుగేళ్లు. పెళ్లిళ్లు కూడా తీస్తాను గాని, నాకు పేరు తెచ్చింది పసిపిల్లల ఫోటోలు. సూర్యాపేట నుంచి కూడా చంటిపిల్లల్ని ఎత్తుకుని వచ్చేవారు. కదిలే బిడ్డను ఒక్క క్షణం ఆపడమే నా విద్య అని గట్టిగా నమ్మేదాన్ని. కిలక్కాయో, చిటికో, నోటితో పిల్లి కూతో, ఏదో ఒకటి పనిచేసేది. ఈ విషయంలో నాకు కాస్త పొగరు కూడా ఉండేది, దాచడమెందుకు.

కోదాడలో సైన్స్ చెప్పే సువార్త మేడం బడిపిల్లల కోసం మన చుట్టుపక్కల పిట్టల మీద చిన్న పుస్తకం వేస్తున్నారు. అట్ట మీదికి తీతువు పిల్ల బొమ్మ కావాలని నన్నడిగారు. వాడపల్లి దగ్గర మూసీ వచ్చి కృష్ణలో కలిసే చోట, ఎండాకాలం నీళ్లు తగ్గి ఇసుక దిబ్బలు తేలతాయి. తీతువులు, చేపలు పట్టే తెల్ల పిట్టలు అక్కడ నేల మీదే గుడ్లు పెడతాయి. గూడంటూ ఉండదు, ఇసుకలో చిన్న గుంట, అంతే. నాకు పిట్టల సంగతి తెలియదు. పిల్లల సంగతి తెలుసు కదా, అది చాలనుకున్నాను.

వెళ్లేటప్పుడు హైడ్ పట్టుకెళ్లాను. హైడ్ అంటే పిట్టలకు కనబడకుండా కూర్చునే గుడ్డ గుడారం. అందులో గంటసేపు కదలకుండా ఉంటే పిట్టలు మనల్ని మరిచిపోతాయని తెలిసినవాళ్లు చెప్పారు. నేను పావుగంట కూర్చున్నాను. లోపల ఉక్క, పైన ఎండ. ఓపిక చాలక బయటికొచ్చి, కనబడ్డ మొదటి పిల్లకు ఎదురుగా ఇసుకలో చాప వేసుకుని బోర్లా పడుకున్నాను.

నిమ్మకాయంత ఉంది, ఇసుక రంగులో. తల్లీతండ్రీ నా నెత్తిమీద చక్కర్లు కొడుతూ ఒకటే అరుపు. తీతువు అరవక ఏం చేస్తుందిలే అనుకున్నాను. పిల్ల మాత్రం నేలకు అతుక్కుని అస్సలు కదలలేదు. పద్నాలుగేళ్లలో ఇంత బుద్ధిమంతుడైన బిడ్డ నాకు దొరకలేదని మురిసిపోయాను. తల ఎత్తుతుందేమోనని చిటిక వేశాను, ఇంకా అణిగిపోయింది. చప్పట్లు కొట్టాను, కళ్లు సగం మూసింది. కాసేపటికి నోరు తెరిచింది. ఎంత ముద్దుగా ఉందో అనుకుంటూ ఇంకా దగ్గరికి జరిగాను. వందల ఫోటోలు తీశాను.

పది దాటాక వెనక గొర్రెల గంటలు వినిపించాయి. లింగయ్య తాత, మాడుగులపల్లి వైపు నుంచి ప్రతి వేసవీ మందను నదికి తోలుకొచ్చే మనిషి, నీళ్లకు వస్తున్నాడు. గొర్రెల్ని అటు మళ్లించమని, నా పిల్ల బెదురుతుందని విసుగ్గా అరిచాను. ఆయన మందను ఆపి ఒక్కడే దగ్గరికొచ్చి చూశాడు.

"ఎంతసేపాయె బిడ్డా గీడ పండి?"

"పొద్దున్నుంచి తాతా. చూడు, ఎంత బుద్ధిగా ఉందో."

"బుద్ధి గాదు, భయం. కదలొద్దని తల్లి మీదికెల్లి మొత్తుకుంటుంది. నువ్వు పోయేదాక అది లేవది. ఇసుక మీద అరచెయ్యి పెట్టి సూడు."

నా కింద చాప ఉంది. దాని బయట చెయ్యి పెట్టి వెంటనే తీసేశాను. అప్పుడు అర్థమైంది, అది నోరెందుకు తెరిచిందో.

సీసాలోని నీళ్లు పిల్ల మీద పోయబోతే ఆపాడు. ముట్టుకోవద్దన్నాడు, తల్లే చూసుకుంటుందన్నాడు. "లెవ్వు, వచ్చిన అడుగులల్లనే అడుగెయ్యి. ఇంకా మూడున్నయ్ గీడ." ఒకటి నా బ్యాగు పక్కనే, జానెడు దూరంలో ఉంది. నేనెన్నిసార్లు అటూ ఇటూ తిరిగానో లెక్కలేదు. ఆయన కర్రతో చూపిస్తుంటే ఒక్కో అడుగూ వెతుక్కుంటూ వెనక్కి నడిచాను. ఈలోగా దప్పికతో ఉన్న మంద నీటివైపు తోసుకొస్తోంది. ఎదురుగా నది కనబడుతుంటే గొర్రెను వెనక్కి తిప్పడం ఎంత కష్టమో ఆ రోజు చూశాను. ఆయన నాలుకతో చప్పుడు చేస్తూ, ముందున్న పొట్టేలును కొమ్ము పట్టి లాగి, మొత్తం మందను దూరంగా చుట్టు తిప్పాడు.

ఒడ్డున తుమ్మచెట్టు కింద నుంచి టెలీ లెన్స్‌లో చూశాను. అది దూరాన్ని దగ్గర చేసే పొడుగు లెన్స్. తల్లి దిగింది. ముందు నీళ్లలో కూర్చుని పొట్ట తడుపుకుంది. తడి పొట్టతో పరుగెత్తుకొచ్చి కూత వేస్తే ఒక పిల్ల లేచి కిందికి దూరింది. ఇంకోటి, ఇంకోటి. తర్వాత అది నేను పడుకున్న చోటికి వెళ్లింది. ఆ పిల్ల మీద కూర్చుంది, లేచి నీళ్లకు పోయి పొట్ట తడుపుకొచ్చి మళ్లీ కూర్చుంది. అలా మూడుసార్లు. నాలుగోసారి మాత్రం మిగతా మూడింటినీ వెంటబెట్టుకుని నీటి అంచుకు వెళ్లిపోయింది.

లింగయ్య తాత నన్ను తిట్టి ఉంటే బాగుండేది. నేను అక్కడే కూర్చుని ఏడ్చాను.

నాలుగు రోజులకు మేడం స్టూడియోకి వచ్చారు. కంప్యూటర్‌లో ఫోటోలు తిప్పుతూ ఒకదాని దగ్గర ఆగారు. "భలే పోజిచ్చిందండీ. కవర్‌కి ఇదే వేద్దాం."

"అది ఇవ్వను మేడం."

"ఏమండీ? ఇంత బాగుంటే?"

"అది చచ్చిపోతుంటే తీసింది."

ఆవిడ ఆ ఫోటో మూసేసి మిగతావన్నీ తిప్పారు. చివరికి ఒడ్డు నుంచి తీసిన మసక ఫోటో తీసుకున్నారు, తల్లి పొట్ట కింద పిల్లల కాళ్లు కనిపించేది. పిల్ల ముఖం లేని ఆ బొమ్మే అట్ట మీద వచ్చింది.

బిడ్డ కదలకపోతే నా మాట విన్నట్టని నేను పద్నాలుగేళ్లు అనుకున్నాను. అది తప్పని చెప్పడానికి ఒక ప్రాణం పోవాల్సి వచ్చింది. ఇప్పుడు స్టూడియోలో గుక్కపట్టి ఏడ్చే పిల్లలంటే నాకు బెంగ లేదు. లైట్ల కింద ఉలుకూ పలుకూ లేకుండా ఉండిపోయే బిడ్డ కనబడితే మాత్రం కెమెరా కింద పెట్టి, లైట్లార్పి, ముందు తల్లిని పిలుస్తాను.