చెక్కనేల మీద నాలుగు బకెట్ల నీళ్లు

మేం బాపట్లలో ఉన్న రోజుల్లో ఆఫీసరుగారి బంగళా అంటే ఊళ్లో చిన్నపిల్లలకీ తెలుసు. తెల్లదొరల కాలం నాటిది. కింద ఆరు గదులు, పైన రెండు, చుట్టూతా వరండా. వంటిల్లు మాత్రం ఇంటికి అంటకుండా పెరట్లో విడిగా ఉండేది. దొరలకు పొగ పడదని అలా కట్టారట. కూర బల్ల మీదికి వచ్చేసరికి చల్లారేది. తలుపులూ కిటికీలూ కలిపి అరవై నాలుగు. నా చదువు మూడో తరగతితో ఆగిపోయినా, రోజూ తుడిచినవి ఎన్నో మరిచిపోతానా.

మా ఆయన ఆఫీసరుగారి ఆఫీసులో బంట్రోతు. నేను బంగళాలో పనికి కుదిరాను. గేటు పక్క గదిలో ఎప్పటినుంచో ఒక వాచ్‌మన్ ఉండేవారు, భార్య పోయిన మనిషి. బాబాయ్ అని పిలిచేదాన్ని. పని నేర్పింది ఆయనే. పై గదుల నేల టేకు పలకలది. దాన్ని పొడిగుడ్డతో తుడవాలి, నెలకోసారి అవిసెనూనె రాయాలి.

"చుక్క నీళ్లు తగలకూడదమ్మాయ్," అన్నారు మొదటిరోజే. "దీనికి నూనే స్నానం."

నాకు నచ్చలేదు. మా రేపల్లె వైపు ఆదివారం చర్చికి పోవాలంటే శనివారమే ఇల్లంతా బకెట్లతో కడుక్కునేవాళ్లం. నీళ్లు పొయ్యని ఇల్లు మొహం కడగని మనిషితో సమానం. ముసలాయన తన బద్ధకానికి దొరల పేరు చెబుతున్నాడనుకున్నాను.

ఓ క్రిస్మస్ ముందు కొత్త ఆఫీసరుగారు దిగుతున్నారన్నారు. బాబాయ్ కూరగాయలకు వెళ్లిన పూట పైకి నాలుగు బకెట్లు మోసి, సబ్బుపొడి చల్లి, కొబ్బరిపీచుతో తోమేశాను. ఆయన వచ్చేలోగా గుడ్డతో ఒత్తేశాను. కొత్తగా వచ్చిన అమ్మగారు పైకెక్కి, ఇల్లంటే ఇలా ఉండాలి అన్నారు. ఆ మాటకు పొంగిపోయాను. ఇక ప్రతి శనివారం, అమ్మగారు బజారుకూ బాబాయ్ కూరగాయలకూ వెళ్లిన పూట చూసి, నా బకెట్లు మేడెక్కేవి. బాబాయ్‌కి చూపు మందగించింది. సాయంత్రం కిటికీలు వేయడానికి పైకి వచ్చినా నేలలో తేడా పట్టేవారు కాదు.

రెండో వానాకాలానికి పలకలు ఉబ్బి పైకి లేచాయి. ఒక మధ్యాహ్నం కింద భోజనాల గదిలో పైనుంచి పెచ్చు ఊడి కంచాల మధ్య పడింది. ఇంజనీరుగారు వచ్చి, ఒక పలక ఎత్తి, కుళ్లిన అడుగు చూపించి, ఇది నెలల తరబడి నీళ్లు తాగింది అన్నారు. వాన జల్లు కొడితే కిటికీలు వేసేది ఎవరని అడిగారు. అందరూ బాబాయ్ వైపు చూశారు.

"రోజూ వేశాననే గుర్తండి," అన్నారాయన. మళ్లీ తనే, "ఏమోనండి, మరిచానేమో."

నేను చీపురు పట్టుకుని గుమ్మంలోనే ఉన్నాను. నిజం చెబితే నా పని పోతుంది, మా ఆయనకు మాట వస్తుంది అనుకుని, నోరు మూసుకున్నాను. వారం తిరక్కుండా ఆయన్ని గది ఖాళీ చేయమన్నారు. ట్రంకుపెట్టె, మడతమంచం రిక్షాలో వేసుకుని తెనాలిలో కూతురింటికి వెళ్లిపోయారు. ఆ పెట్టె రెండో వైపు పట్టింది నేనే. తర్వాత పలకలన్నీ పీకేసి మేడకు శ్లాబు పోశారు. ఇప్పుడు ఎన్ని నీళ్లయినా పోసుకోవచ్చు.

ఏళ్లు గడిచాక, పుట్టింటికి పోతూ తెనాలి స్టేషన్లో రేపల్లె బండెక్కి కూర్చుంటే, కిటికీ అవతల ఆయన. మనవరాలిని ఎక్కించడానికి వచ్చారట. బాబాయ్ అని పిలిస్తే నా గొంతు పట్టి గుర్తుపట్టారు.

"కిటికీ మరిచి బంగారం లాంటి చెక్క పాడుచేశానమ్మాయ్," అన్నారు. "ఇప్పటికీ మా ఇంట్లో కిటికీలు రెండుసార్లు తడిమి చూసుకుంటాను."

చెప్పాల్సిన మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"పోనీలే బాబాయ్, పెద్దతనం, ఎవరికైనా జరిగేదే," అన్నాను. తప్పు ఆయనదీ, మన్నించేది నేనూ అన్నట్టు.

ఆయన మొహం కాస్త తేలికపడింది. చినుకులు మొదలయ్యాయి. బండి కదులుతుంటే ఊచల మీద చెయ్యి వేసి రెండడుగులు నడిచారు.

"కిటికీ వేసుకో అమ్మాయ్, తడుస్తావు."

వేసుకున్నాను.