సారు మళ్ళీ అడుగుతానన్న ప్రశ్న

మా సారు పోయారన్న కబురు నాకు కోవూరు బస్సులో తెలిసింది. ఒకప్పుడు మా ఆఫీసులో అటెండరుగా చేసినతను రెండు సీట్ల అవతల నుంచి నన్ను గుర్తుపట్టి, "అన్నా, మన సారు పోయినారు, తెలుసునా? ఆరు దినాలైపాయ," అన్నాడు. బస్సు పెన్న వంతెన మీద ఉంది. నాకు ఏడుపు రాలేదు. ఎక్కడైనా కూలబడాలనిపించింది, తీరా చూస్తే కూర్చునే ఉన్నాను.

ఆయన గురించి పేపర్లో రాలేదు. వచ్చేంత పెద్ద ఉద్యోగం కూడా కాదు ఆయనది. చైనా యుద్ధం అయిన మరుసటేడు ప్రభుత్వం ఒక పరిశోధన మొదలుపెట్టింది. సముద్రం ఒడ్డున వైర్‌లెస్ షెడ్లకు కాపలా పెట్టే మనుషులు నమ్మదగినవాళ్ళో కాదో, కొన్ని ప్రశ్నలు అడిగి ముందే తేల్చవచ్చునా అన్నది విషయం. ప్రశ్నలు ఢిల్లీ నుంచి ఇంగ్లీషులో వచ్చేవి. వాటిని తెలుగు చేయించి, ఊరూరా అడిగించి, జవాబులన్నీ ఒకచోట చేర్చి పైకి పంపే బాధ్యత సారుది. అంతకుముందు ఆయన ట్రైనింగ్ కాలేజీలో మనస్తత్వశాస్త్రం చెప్పేవారు. నేను రెవెన్యూ నుంచి బదిలీ మీద వచ్చిన గుమాస్తాను. ఊళ్ళకు పోయి అడగడం, జవాబులకు మార్కులు వేసి కూడటం నా పని. నెల్లూరులో మా ఆఫీసుకు పిచ్చాఫీసని పేరు. "మా పుట్టింటోళ్ళు అడిగితే తాలూకాఫీసులోనే ఉండానని చెప్పండి," అని మా ఆవిడ నా చేత ఒట్టు వేయించుకుంది.

సారు బక్కపలచటి మనిషి. ఎప్పుడు చూసినా నిద్ర చాలనట్టు ఉండేవారు. తెలుగు చేసిన ప్రతి ప్రశ్ననూ ముందు వీధి చివర టీకొట్టు ఆయనకు చదివి వినిపించేవారు. అతను గ్లాసులు కడగడం ఆపి "ఏందీ?" అన్నాడంటే ఆ ప్రశ్న కొట్టేసి మళ్ళీ రాసేవారు. అలా ఒకే ప్రశ్నను నాలుగుసార్లు రాసిన రోజులున్నాయి. నాకు లోపల్లోపల ఒళ్ళు మండేది. లెక్క తీసుకుపోయి ముందు పెడితే, "టోటలు సరిపోయింది సరేనయ్యా, మనిషి సరిపోయాడా?" అనేవారు. మనిషి సంగతి నాకెందుకు, టోటలు సరిపోతే చాలదా అనుకునేవాణ్ణి.

ఒక్క కట్ట మాత్రం టీకొట్టు దాకా పోలేదు. అది పులికాట్ సరస్సు పక్క ఊళ్ళది. సారుకు జ్వరం. పై ఆఫీసు నుంచి టెలిగ్రాము వెనక టెలిగ్రాము. తెలుగు చేసిన కాగితాలు ఎలా ఉన్నాయో అలాగే పట్టుకుని నేను పోయాను.

అక్కడ ఒకతను ఆరేళ్ళుగా వైర్‌లెస్ షెడ్డుకు టెంపరరీ కాపలాదారు. చేపలు పట్టే కుటుంబం. మా పరీక్షలో నెగ్గితే ఉద్యోగం పర్మినెంటు అవుతుంది. అరవై ప్రశ్నల్లో ఒకటి ఇది: "ఇంటి నుంచి బయలుదేరేటప్పుడు ఎక్కడికి వెళ్తున్నదీ ఇంట్లోవాళ్ళకు చెబుతారా?"

"చెప్పం సామీ," అన్నాడతను. "యాడికని ఎవురైనా అడిగినారంటే ఎనక్కొచ్చి, కూసోని, రోన్ని నీళ్ళు తాగి మళ్ళా బయల్దేరతాం."

నేను నవ్వి, లేదు అన్నచోట టిక్కు పెట్టాను. ఢిల్లీ వాళ్ళు ఇచ్చిన పట్టిక ప్రకారం ఆ టిక్కుకు దాపరికం అని అర్థం. ఆ ఊళ్ళో అందరూ ఆ మార్కు పోగొట్టుకున్నారు, మిగతా ప్రశ్నలతో గట్టెక్కారు. ఇతనికి సరిగ్గా ఒక్క మార్కు తక్కువైంది. "కాపలాకు నమ్మదగడు" అని రాసి కట్టకట్టాను. సారు ఆ జ్వరంలోనే, చదవకుండా సంతకం పెట్టారు.

నెల తిరక్కుండా అతను సూళ్లూరుపేటలో రైలెక్కి మా ఆఫీసుకు వచ్చాడు. కుర్చీ చూపించినా కూర్చోలేదు. "నేనేం దొంగతనం చేసినా సారూ? షెడ్డు కాడికి రావద్దన్నారు. నమ్మదగనోడంట అని బాయికాడ నా పెళ్ళాన్ని అంటా ఉండారు."

సారు అతని కాగితం తీయించి మొదటి నుంచీ చదివారు. ఆ ప్రశ్న దగ్గర ఆగిపోయారు. తలెత్తి నావైపు చూశారు.

"పొద్దున నువ్వు బయలుదేరేటప్పుడు ఎక్కడికని మీ ఆవిడ అడుగుతుందా?"

"అమ్మో, అడగదు సార్. అంతగా కావాలంటే దూరమా అంటుంది."

"నేనూ అంతేనయ్యా. ఎవరైనా ఎక్కడికని అడిగితే చెప్పులు విప్పి లోపలికి పోతాను. మరి ఇక్కడ టిక్కు ఎట్లా పెట్టినావు? నేను సంతకం ఎట్లా పెట్టినాను?"

నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి నేను చేస్తున్న పనినే అతను చేస్తానన్నాడు. నేను గుమాస్తానయ్యాను, అతను నమ్మదగనివాడయ్యాడు. "ప్రశ్న అడిగినవాడికి కూడా మార్కులు వేయాలయ్యా," అన్నారు సారు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

తర్వాత లేచి అతని ముందుకు పోయి నిలబడ్డారు. "తప్పు నీది కాదు, మాది. నేను మళ్ళీ వచ్చి అడుగుతాను. ఈసారి సరిగ్గా అడుగుతాను."

"ఉజ్జోగం పోతే పోనీ సారూ, సంద్రం ఉండాది. ఆ మాట మాత్రం కొట్టేయండి," అన్నాడతను.

ఆ మాట కొట్టేయించడానికి సారు రెండేళ్ళు ఉత్తరాలు రాశారు. మన వైపు 'ఎక్కడికి' అని అడగకూడదని ఢిల్లీ వాళ్ళకు ఇంగ్లీషులో చెప్పడం ఎంత కష్టమో అప్పుడు చూశాను. ఆధారం చూపమన్నారు. ఆధారం చూపాం. పరిశీలనలో ఉంది అన్నారు. ఆఖరికి, ఆ ప్రశ్న ఇకమీదట తీసేస్తున్నామనీ, తేలిపోయిన కేసులు తిరగదోడబోమనీ జవాబు వచ్చింది. పోనీలెండి సార్, ప్రశ్న అయినా పోయింది కదా అన్నాను. ఆయన నా మాట విన్నట్టే లేరు. అతన్ని మళ్ళీ పరీక్షించే దాకా కొత్త కట్టల మీద సంతకం పెట్టనని పైకి రాసి పంపారు.

ఈ రాతకు మాత్రం జవాబు వారంలో వచ్చింది. పథకం బాధ్యత వేరే జిల్లా అధికారికి అప్పగించి, సారును కాలేజీకి తిప్పి పంపారు. రావలసిన ప్రమోషను రాలేదు. నన్ను తాలూకాఫీసుకు పంపారు. మా ఆవిడ సంతోషించింది. టిక్కు పెట్టింది నేనేనని నేను ఎక్కడా రాయలేదు, ఎవరూ అడగలేదు. ఆ సిగ్గు నాకు ఇప్పటికీ ఉంది.

సారు రిటైరయ్యాక ఆయన్ను అప్పుడప్పుడూ పోయి చూసేవాణ్ణి. ఏ మాట మొదలుపెట్టినా అక్కడికే వచ్చేవారు. "అతని ఊరికి పోవాలయ్యా. చేతిలో కాగితం లేకుండా ఏ ముఖం పెట్టుకుని పోను?" అనేవారు. అలా పోకుండానే పోయారు.

ఆయన పదకొండో రోజుకు వెళ్ళి సారు భార్యను చూసి, మర్నాడు పొద్దున్నే సూళ్లూరుపేట రైలెక్కాను. అక్కడి నుంచి పడవ. ఆనాటి కాపలాదారు గుడిసె ముందు ఇసకలో వల బాగుచేసుకుంటున్నాడు. జుట్టు నెరిసింది. నన్ను చూడగానే గుర్తుపట్టాడు. సారు పోయారని చెప్పాను. వేస్తున్న ముడి బిగించాడు.

"మళ్ళీ వచ్చి అడుగుతానన్యాడే ఆయన," అన్నాడు.

"రాలేకపోయినారన్నా."

"అయితే నువ్వడుగు."

నా దగ్గర కాగితం లేదు, అధికారం లేదు, ఆ పథకమే ఎప్పుడో మూతపడింది. అదే చెప్పాను. "ఉండనీ, అడుగు," అన్నాడు. ఎదురుగా కూర్చుని మొదటి ప్రశ్న నుంచీ అడిగాను. ఆ అరవై నాకు కంఠతా వచ్చు. అతను పని ఆపి, ఒక్కొక్కదానికీ ఆలోచించి జవాబు చెప్పాడు. ఆ ప్రశ్న దగ్గరికి వచ్చాం. ఏ జవాబు చెబితే గట్టెక్కుతాడో ఇప్పుడు అతనికి బాగా తెలుసు. అయినా అడిగాను.

"చెప్పం," అన్నాడు నా కళ్ళలోకి చూసి.

అరవయ్యో ప్రశ్న అయ్యాక, గాలి మళ్ళిందని లేచాడు. వల భుజాన వేసుకున్నాడు. వాకిట్లో రొయ్యలు ఎండబోస్తున్న అతని భార్య తలెత్తి చూసింది. అతను నీళ్ళ వైపు నడిచిపోయాడు. ఆమె ఏమీ అడగలేదు. చేతులు అలాగే రొయ్యల్లో ఉంచి, పడవ అల దాటే దాకా అటే చూస్తూ ఉంది.