ముఖం చివర్లో

పెళ్లి వీడియోలు తీయడంలో ఆయనకు ఇరవై రెండేళ్ల అనుభవం. దర్జీ పని చేసే మరదలికి ఉన్నది గీతలు పడ్డ ఫోను. అయినా ఆమె తీసిన రెండు నిమిషాల సినిమాను ఇంటిల్లిపాదీ నాలుగోసారి చూస్తుంటే ఆయనకు ఒళ్లు మండింది. అందులో ఉన్నదల్లా సూదిలో దారం ఎక్కించబోయి తప్పిపోతున్న ముసలి చేతులు. అవి ఆమె అత్తగారివి.

"ముందు ముఖం చూపించాలమ్మా!"

"చివర్లో ఉందిగా బావా."

చెల్లెలి మాటకు భార్య పకపకా నవ్వింది. "మీరైతే సూది మీద పూలవాన కురిపించేవారు."

ఉక్రోషం పట్టలేక, మర్నాడు స్టూడియోలో తానే సరిచేయబోయాడు. అలవాటు కొద్దీ ముఖం ముందు పెట్టి, వయొలిన్ కలిపాడు. ఎవరో ముసలావిడ దారం ఎక్కిస్తోంది, అంతే. మళ్లీ మరదలు తీసినట్టే పెట్టి చూశాడు. చేతులు మూడోసారి తప్పేసరికి ఊపిరి బిగబట్టాడు.

ఫోన్ చేశాడు గానీ మెచ్చుకోవడానికి నోరు రాలేదు. "ఇది నీకెవరు నేర్పారు?" అన్నాడు, దొంగను నిలదీసినట్టు.

"ఎవరు నేర్పుతారు బావా? మొహం తియ్యొద్దని అత్తయ్య మొండికేసింది. దారం ఎక్కాక తనే తలెత్తింది."

ఆయన అసూయ రెట్టింపైంది. 'ఇటు చూడండి' అంటూ ఇన్నేళ్లలో వేల ముఖాలు తిప్పించాడు. ఒక్కరైనా తమంతట తాము తలెత్తేదాకా ఆయన ఎన్నడూ ఆగలేదు.