పెద్దబాపు ఆఖరి షిఫ్టు, నా శనగల నీళ్ళు

ఎగ్‌లెస్ వేరే, వేగన్ వేరే. ఎన్నిసార్లు చెప్పాలె? మయోనైజ్ ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్క ఉన్నది గదనే అంటది మా పెద్దమ్మ. ఆ చుక్క గుడ్డు లేదని చెప్తది గని పాలు లేవని చెప్పదు. వెనుకకు తిప్పి చూడు, సన్న అక్షరాలల్ల పాలపొడి అని రాసి ఉంటది అన్న. "అద్దాలు ఎక్కడ పెట్టిన్నో యాదికి లేదే" అన్నది. నేను మెట్రోల ఉన్న, ఫోన్ల ఒర్రిన. నా పక్కన కూసున్నాయన లేశి వేరే డబ్బలకు పోయిండు.

ఒర్రింది నా కోసం కాదు. పాలు, గుడ్లు నేను బంద్ పెట్టింది నా ఇష్టంతోటి. మా లావణ్య అక్క బిడ్డ మిన్నుకు గట్ల కాదు, ఆ పిల్లకు పాలు పడవు. చెంచెడు పెరుగు పోయినా ఒళ్ళంత దద్దుర్లు, పెదవులు ఉబ్బుతయి, దవాఖానకు ఉరకాలె. అందుకే ఏ ఫంక్షనుకు పోయినా ఇంటికాంచి తెచ్చుకున్న డబ్బ ముందట పెట్టుకొని ఓ పక్కకు కూసుంటది.

ఇప్పుడు ఆ ఫంక్షన్ మా పెద్దబాపుదే. లావణ్య అక్కకు నాయిన, మిన్నుకు తాత. గోదావరిఖనిల బొగ్గుబాయిల పని, ఈ నెలాఖరుకు రిటైర్మెంటు. మిన్ను పోయి అడిగిందట, "తాతా, ఆ రోజన్న నీ ప్లేట్ల తినొచ్చా?" "తింటవ్ బిడ్డ, ఏం గావాలె?" అన్నడు ఈయన. బడిల ఎవరిదో బర్త్‌డేకు చూసిందట, తెల్లది పెట్టిన శాండ్‌విచ్. గదే గావాల్నన్నది. పెద్దబాపు మాటిచ్చిండు. తెల్లదంటే ఏందో ఆయనకు ఎరికనే లేదు.

నెలాఖరు శనివారం పడ్డది, పైకెల్లి శ్రావణమాసం. పెద్దమ్మ వంటింట్ల గుడ్డు పేరెత్తరాదు. అంటే గుడ్డు లేదు, పాలు లేవు. లావణ్య అక్క ఫోన్ చేసి ఒక్కటే అడిగింది. "నువ్వొస్తవా, లేకుంటే పిల్లకు మళ్ళ డబ్బనే కట్టాల్నా?"

శుక్రవారం సాయంత్రం కాబూలీ శనగలు ఉడకబెట్టి, ఆ నీళ్ళు ఇంకొంచెం మరిగించి, సీసల పోసి గడ్డ కట్టిచ్చిన. తెల్వనోళ్ళకు చెప్తున్న, శనగలు ఉడికిన చిక్కటి నీళ్ళు గిలక్కొడితే గుడ్డు తెల్లసొన లెక్కనే నురుగొస్తది. దాంట్ల నిమ్మరసం, ఆవపొడి, ఉప్పు ఏసి, నూనె దారం లెక్క పోసుకుంట పోతే మయోనైజ్ అయితది. సీసను టవల్ల చుట్టి, హ్యాండ్ బ్లెండరు, నిమ్మకాయలు, ఆవపొడి బ్యాగుల పెట్టుకొని శనివారం పొద్దుగాల సికింద్రాబాద్‌ల కాగజ్‌నగర్ దిక్కు పోయే బండెక్కిన. కూసునే సీటు ముందుగాల్నే ఫోన్ల బుక్ చేసుకోండ్రి, నూరు రూపాయల మీద చిల్లర అయితది. ఎడమ దిక్కు కిటికీ దొరికితే మంచిది, ఎండ అటు పడదు.

భువనగిరి దాటినంక ఎదురుంగ కూసున్న అవ్వ నా సీస దిక్కే చూస్తుంది. జమ్మికుంటల దిగేటామె, పక్కన తాత. నేను వీడియో చూసుకుంట చూడనట్టే ఉన్న. ఆమె ఊకోలే.

"ఏం మందు బిడ్డ అది?"

"శనగల నీళ్ళు అవ్వ."

"శనగలేడవోయినయ్?"

"తిన్న."

"మరి నీళ్ళెందుకు మోస్తున్నవ్?"

"వాటితోటి వెన్న లెక్క చేస్త."

ఆమె సీసను, నన్ను ఎగాదిగ చూసింది. తర్వాత తాత దిక్కు వంగి, మెల్లగ చెప్తున్న అనుకొని చెప్పింది. "సూత్తే మంచిగనే ఉన్నది పిల్ల, పాపం."

నాకు మండింది. మయోనైజ్ అంటే ఏందో, ఎందుకు చెయ్యాల్నో కాజీపేట దాంక చెప్పిన. ఫోన్ల ఫోటోలు గూడ చూపెట్టిన. అంత విని తాత అన్నడు, "మేం గవే నీళ్ళు బర్రెకు తాపుతం." మా లొల్లికి బోగిల సగం మంది నవ్వుతుండ్రు. కాజీపేటల సమోసలు కొని ముగ్గురం తిన్నం. అవ్వ దిగేటప్పుడు సీసను ఒకసారి తట్టి, మంచిగ గావాలె అన్నది. దేవుడికి చెప్పుకున్నట్టు చెప్పింది.

పన్నెండు దాటినంక రామగుండం. స్టేషన్ బయటనే షేరింగ్ ఆటోలుంటయి, నలుగురు నిండితే కదులుతయి. కరెంటు ప్లాంటు పొగగొట్టాలు ఎంత దూరం పోయినా పక్కన్నే ఉన్నట్టు కనబడతయి. నేను రీల్ తీస్తుంటే డ్రైవరన్న అద్దంల చూసి, "ఫోన్ లోపల పెట్టు అక్క, ముందట లారీ" అన్నడు. పెట్టలే. బొగ్గు లారీ మా పక్కకెల్లి పోయింది. ఖని చౌరస్తల దిగేసరికి నా మొఖం మీద దస్తీతోటి ఎక్కడ తుడిచిన్నో అక్కడ ఒక్కటే తెల్లగుంది.

ఇంకో మాట. శాండ్‌విచ్‌కు బ్రెడ్డు గూడ ఊకె కొనరాదు, కొన్నిట్ల పాలు పోస్తరు. చౌరస్తల బేకరీ ఆయనను నిలబెట్టి అడిగిన. పిండిల ఏమేస్తవ్, పైన ఏం రుద్దుతవ్, పాలు నిజంగనే లేవా. ఆయనకు ఓపిక అయిపోయింది. "అక్క, పాలు పోస్తే గీ రేటుకు నేనెట్లిస్త?" అంత నమ్మేటట్టు నాకు ఏ ప్యాకెట్ గూడ చెప్పలేదు. అయినా లోపలికి పోయి డబ్బలు చూసొచ్చినంకనే కొన్న.

క్వార్టర్ల మధ్య గల్లీకి అడ్డంగ టెంటు ఏసిండ్రు. టెంటు పక్కకు బొగ్గు పొయ్యి మీద పెద్ద గంజు గిన్నెల శనగ గుడాలు, అదే గుగ్గిళ్ళు, ఉడుకుతున్నయి. గల్లీల పొయ్యిల బొగ్గు, గాలిల బొగ్గు, నా ముక్కుల బొగ్గు. పెద్దమ్మ నన్ను చూడంగనే, "నల్లబడ్డవేందే" అన్నది. "ఇప్పుడే మీ ఆటో దిగిన" అన్న. లావణ్య అక్క నవ్వింది గని నవ్వు మొఖంల నిలవలే. ఫ్రిజ్ మీద పెట్టిన మిన్ను మందు సీస దిక్కు చూసుకుంట, "పక్కానే గదా? ఏం గాదు గదా?" అని అడిగింది. మిన్ను గుడాలు రోజు తింటది, శనగలతోటి ఏం గాదని చెప్పిన. ఇంకో రెండు సార్లు చెప్పిచ్చుకున్నది.

ముందుగాల కీర, క్యాబేజీ, క్యారెట్ ముక్కలకు కలిపేది చేసిన. ఏంచిన నువ్వులు, నిమ్మరసం, ఎల్లిపాయ ఒక రెబ్బ, బెల్లం. ఆ బెల్లం పెద్దబాపు డబ్బలది. డ్యూటీ దిగినంక గొంతులకు పోయిన దుమ్ముకు మంచిదని రోజు ఇంత నోట్లేసుకుంటడు. మిక్సీల నీళ్ళు పోసుకుంట తిప్పితే మీగడ లెక్క వచ్చింది. పెద్దమ్మ ఏలు ముంచి నాకింది. "గిది నువ్వుల తొక్కే గదనే." "అదే పెద్దమ్మ, సిటీల దీనికి ఇంగ్లీషు పేరు పెట్టి సీసలల్ల అమ్ముతరు." ఇంకోసారి ఏలు ముంచింది.

ఇగ అసలుది. వంటింట్ల చుట్టాలు నిండిండ్రు, కాలు పెట్ట సందు లేదు. బయట నల్లా కాడ షాబాద్ బండ ఉన్నది, నీడ ఉన్నది, సౌండ్ బాక్సుల కోసం గుంజిన కరెంటు వైరు గూడ అక్కడనే ఉన్నది. స్టీలు గిన్నె బండ మీద పెట్టి, శనగల నీళ్ళు పోసి బ్లెండర్ తిప్పిన. నురుగు లేశింది సూడుండ్రి. తెల్లగ, మెత్తగ, గిన్నె బోర్లించినా పడనంత గట్టిగ. మిన్ను పక్కన గంతులేస్తుంది. గిన్నె బండ మీద పెట్టి, నూనె తెద్దామని లోపలికి పోయిన. గంతే.

గల్లీ మొదట్ల డప్పులు మోగినయి. బాయి మీదికెల్లి రిటైర్ అయినోళ్ళను తోటోళ్ళు గట్లనే తెస్తరు, ఓపెన్ జీపు ఎక్కిచ్చి, దండలేసి, డప్పులతోటి ఇంటిదాంక. ఆఖరి రోజు ఎవ్వరూ బాయి కిందికి దిగరట. సంతకం పెట్టి పైన్నే కూసుంటరు. పెద్దబాపు మాత్రం ఒక్కసారి దిగొస్త అని మొండికేసి దిగిండట. మెడల నిండ బంతిపూలు, మొఖమంత బొగ్గు, కండ్లు, పండ్లు తప్ప ఏం కనిపిస్తలేదు. జీపు దిగిండు. మంగళహారతి పట్టుకొని పెద్దమ్మ నిలబడ్డది. పెద్దబాపు ఆగలే. మొఖం కడుక్కొనొస్త అన్నట్టు చెయ్యి ఊపి సీదా నల్లా కాడికి పోయిండు.

అప్పటికి నాకు ఎరికలేని ముచ్చట ఇప్పుడు చెప్తున్న. రోజు ఆయన డ్యూటీ దిగే టైముకు పెద్దమ్మ గిన్నెల సర్ఫు నురుగు కొట్టి, గదే బండ మీద పెడతదట, చేతుల బొగ్గు పోవడానికి. ఆయన చూడకుంటనే చేతులు ముంచుతడు.

ముంచిండు. మోచేతుల దాంక రుద్దిండు. తర్వాత ఇంత తీసి మొఖానికి గూడ పూసుకున్నడు. రుద్దుతనే, "ఇయ్యాల సర్ఫు మార్చినవా? నురుగు మస్తుంది గని మురికి కోస్తలేదు" అన్నడు.

"పెద్దబాపూ, అది మయోనైజ్" అని నేను ఒర్రిన. డప్పులోళ్ళు ఆగిండ్రు. దండలోళ్ళు, చుట్టాలు, జీపు డ్రైవరు, అందరు నా దిక్కే చూసిండ్రు. పెద్దబాపు గడ్డం కింద నల్ల నురుగు కారుతుంది. మెల్లగ నాలుక బయట పెట్టి రుచి చూసిండు. "ఉప్పు లేదు బిడ్డ" అన్నడు.

టెంటంత పక్కున నవ్వింది. నేను గూడ నవ్వుకుంట కింద కూసున్న. మిన్ను ఒక్కతే నవ్వలే. గిన్నె దిక్కు చూసింది, లోపలికి పోయింది, తన డబ్బ తెచ్చుకొని ఒడిల పెట్టుకున్నది. ఏడ్వలే. అలవాటున్నదాని లెక్క కూసున్నది. పెద్దబాపు నవ్వు గూడ అక్కడనే ఆగిపోయింది. "ఇంక లేదా బిడ్డ ఆ తెల్లది?" అని నన్ను అడిగిండు. నా దగ్గర ఉన్నది ఒక్క సీసనే.

నేను తల పక్కకు తిప్పిన. టెంటు పక్కకు వంటాయన గుడాల గంజు వంచి మోరీల నీళ్ళు పారబోస్తుండు. చిక్కగ, పొగలు కక్కుకుంట. "కాకా, ఆపు" అని ఎంత గట్టిగ ఒర్రిన్నో, ఆయన గంజు పట్టుకొని గట్లనే ఆగిపోయిండు. అడుగున మిగిలిన నీళ్ళు గిన్నెలకు పట్టిన. ఉప్పు పడ్డది, పసుపు తాలింపుల ఏస్తడట, బతికినం. గని కాలేటి నీళ్ళకు నురుగు రాదు. కూల్‌డ్రింకులు పెట్టిన ఐసు తొట్టి దిక్కు ఉరికిన. సీసలు పక్కకు జరిపి గిన్నె మధ్యల కూసోబెట్టిన. ఎవరో ఒకాయన, "మాకు డ్రింకులు?" అన్నడు. "కొంచెంసేపు దూప ఓర్సుకో అన్న" అన్న.

ఇంటికాంచి తెచ్చిన నీళ్ళకంటే మంచిగ లేశింది నురుగు. ఒక చేతిల బ్లెండరు, ఒక చేతిల గిన్నె, నూనె ఎవరు పొయ్యాలె? ఈసారి నిజం సబ్బుతోటి కడుక్కొని, తెల్ల అంగీ ఏసుకొని, దండలతోటే పెద్దబాపు వచ్చి నూనె చెంబు అందుకున్నడు.

"సన్నగ పొయ్యి. ఇంక సన్నగ. ఆగకు. జల్ది చెయ్యకు."

"అట్లనే సార్" అన్నడు. ఆయన తోటి కార్మికుడు ఒకాయన వెనుకకెల్లి, "రిటైరై గంట గాలే, కొత్త డ్యూటీ ఎక్కినవ్ గదనే అన్న. ఓవర్‌టైం రాయాల్నా?" అన్నడు. పెద్దబాపు తల తిప్పలే. దార తెగలే. గిన్నెల తెల్లది గట్టిపడి, బ్లెండరు సప్పుడే మారింది. నిమ్మకాయ పిండి మిన్ను ఏలుకు పెట్టిన. చీకింది. డబ్బ తీసుకపోయి వాళ్ళమ్మ చేతిల పెట్టింది.

అందరి మధ్యల కుర్చీలేసి, ఒకటే స్టీలు ప్లేటు, తాతా మనవరాలు. ఆయన ఒక శాండ్‌విచ్ ముక్క కొరికి ప్లేట్ల పెట్టంగనే ఈమె అదే ముక్క తీసుకొని తిన్నది. ఎంగిలి బిడ్డ అంటే వినలే. లావణ్య అక్క మందు సీస పట్టుకొని పిల్ల పెదవుల దిక్కే చూసుకుంట నిలబడ్డది, తనైతే ఒక్క ముద్ద ముట్టలే. సన్మానాలైనయి, శాలువలు కప్పిండ్రు, ఎవరో స్పీచ్ ఇచ్చిండు. మిన్ను మూతి చుట్టు తెల్లది తప్ప ఏం లేదు, దద్దు లేదు, వాపు లేదు. అప్పుడు అక్క మందు సీస ఫ్రిజ్ మీద పెట్టొచ్చి, పళ్ళెం నింపుకొని నా పక్కన కూసున్నది. "నువ్వుల దానికంటే ఇదే మంచిగుంది" అన్నది. పెద్దమ్మ విని, నువ్వులదే మంచిగున్నదని లొల్లి పెట్టుకున్నది.

ఆదివారం మధ్యాహ్నం రామగుండంల వాపసు బండెక్కిన. సీటు లేదు, పెద్దపల్లి దాంక తలుపు కాడ నిలబడ్డ. ఖని గురించి నన్నడిగితే, అది మొఖం నల్లగ చేసి పంపే ఊరు, మనసు మాత్రం గాల్ల తేలుతది. పెద్దమ్మ కట్టిచ్చిన డబ్బల మిగిలిన మయోనైజ్, కీర ముక్కలు. తింటుంటే పక్కన కాలేజీ పిలగాడు చూసి, ఏందది అన్నడు. కథంత చెప్పిన, వీడియో గూడ చూపెట్టిన. పిలగాడు కీర ముక్క ముంచుకొని తిని, మంచిగనే ఉన్నదక్క గని, గుడ్డు లేంది మయోనైజ్ ఎట్లయితది, పేరు మార్చుకోండ్రి అన్నడు. వానితోటి జమ్మికుంట దాంక కొట్లాడిన, డబ్బ ఖాళీ చేసేదాంక వాడు ఒప్పుకోలే.

వాడు దిగిపోయిండు. ఇగ మిమ్ముల అడుగుతున్న. డబ్బ పక్కకు పెట్టి ఆ పిల్ల తాత ప్లేట్లకెల్లి తీసుకొని తిన్న ఆ తెల్లది మయోనైజ్ కాదని, మిన్ను ముందట నిలబడి చెప్పే ధైర్యం మీల ఎవరికన్న ఉన్నదా?