పిన్ని లేని కొరియా వంటిల్లు

పిన్ని పోయిందని నిన్న పొద్దున ఆమె కూతురు గోదావరి జిల్లా నుంచి ఫోన్ చేసి చెప్పింది. సెలవు మీద వెళ్లిన మనిషి, నిద్రలోనే గుండె ఆగిందట. నాకు ఏడుపు కంటే ముందు భయం వచ్చింది. ఒమన్‌లోని సోహార్‌లో ఈ కొరియా వాళ్లింట్లో వంట ఆమెది, పైపని నాది. ఆమె మాట మీదే నన్ను పెట్టుకున్నారు. ఆమే లేకపోతే నన్ను ఉంచుతారా, టికెట్ చేతిలో పెట్టి కడపకు పంపేస్తారా అని.

ఆమె నాకు బంధువేమీ కాదు. ఇక్కడి మా ఆడవాళ్లందరికీ పిన్నే. ఒమన్‌ను ముంచిన గోను తుపాను మరుసటి ఏడాది నేను వచ్చిన రోజే, వంటింట్లో ఒక డబ్బా బుసబుసమంటుంటే కేక పెట్టాను.

"పాము కాదే, కిమ్చి!" అని నవ్వింది పిన్ని.

క్యాబేజీని ఉప్పులో ఊరేసి, కారం, వెల్లుల్లి పట్టించి పులియబెడతారు. అది లేకుండా వాళ్లకు అన్నం దిగదు. కొత్తలో పిన్ని దాన్ని మన ఆవకాయ లాగే జాడీ నిండా కుక్కి, మూత బిగించి వాసెన కట్టిందట. తెల్లారేసరికి మూత ఎగిరిపోయి గోడల నిండా ఎర్రటి నీళ్లు! ఇంటావిడ మేడమ్ ఏమంటుందోనని బాత్రూంలో దాక్కుందట మహాతల్లి.

"దానికీ కాస్త గాలాడాలే, మనకి లాగే" అనేది.

ఒక శుక్రవారం ఇంటికి అతిథులు వచ్చారు. బల్ల మధ్యే మాంసం కాల్చుకుని, లెట్యూస్ ఆకులో ముక్క, అన్నం, సోయా ముద్ద పెట్టి మడిచి, ఒకరి నోటికి ఒకరు అందిస్తారు. అది వాళ్ల ప్రేమ. మేడమ్ సంతోషం పట్టలేక ఒకటి మడిచి పిన్ని నోటి దగ్గరికి తెచ్చింది. లోపలున్నది గొడ్డుమాంసం. పిన్ని దాన్ని ముట్టదు. వద్దంటే అందరి ముందూ మేడమ్‌కు తలవంపులు.

"సారీ మేడమ్, నో బీఫ్" అని పిన్ని దండం పెట్టింది. ఆ వెంటనే ఇంకో ఆకులో అన్నం, సోయా ముద్ద, వెల్లుల్లి పెట్టి మడిచి మేడమ్ నోటికే అందించింది. నవ్వులు ఆగిపోయాయి. మేడమ్ నోరు తెరిచి ఆ ముద్ద అందుకుంది.

"నీకు బయమెయ్యలేదా పిన్నీ?" అని తర్వాత అడిగాను.

"ఎందుకెయ్యదే? చేతులు చూడు, ఇంకా వణుకుతున్నాయి. భయమేసినప్పుడు చేతుల్ని ఊరికే ఉంచకూడదు, ఏదో ఒక పని చెప్పాలి" అంది.

నిన్న కబురు చెప్పగానే మేడమ్ కుర్చీలో కూలబడింది. సాయంత్రం నన్ను పిలిచి, "కిమ్చి సూప్. యూ కుక్. నో మీట్" అంది. ఆ పొయ్యి మీద నేనెప్పుడూ వండలేదు, పిన్ని వండుతుంటే చూడటమే; ఆమె సెలవుకెళ్లాక మేడమే వండుకునేది. పులిసిన కిమ్చి వేయించాను, నీళ్లు పోశాను, పనీర్ లాంటి టోఫు ముక్కలు వేశాను. ఉప్పు చూద్దామంటే నాలుక మొద్దుబారింది. మేడమ్ చెంచాతో రుచి చూసింది. చెంచా పక్కన పెట్టింది. గిన్నె పట్టుకుని వెళ్లిపోయింది. ఇక నా పని అయిపోయిందనుకున్నాను.

కాసేపటికీ పిలుపు రాకపోతే హాల్లోకి తొంగిచూశాను. చిన్న బల్ల మీద పిన్ని ఫోటో, దాని ముందు అన్నం గిన్నె, అన్నంలో నిటారుగా గుచ్చిన చెంచా. వాళ్లలో బతికున్నవాళ్ల అన్నంలో అలా గుచ్చరు. మేడమ్ నన్ను చూసి, పక్కకు జరిగి చోటిచ్చింది. నేను వండిన పులుసు ఆ అన్నం పక్కనే ఉంది, ఇంకా పొగలు కక్కుతూ.