గౌరి తీసిన స్వరం

ఆ పాప సంగతి నాకు మొదట చెప్పింది మా ఆయా మరియమ్మ. 2002 సంవత్సరం. ఎదుగుదల సమస్యలున్న పిల్లల కోసం తిరుపతిలో అద్దె ఇంట్లో నడిచే చిన్న స్కూల్ మాది. "ఐరాల నుంచి ఒక పాప వచ్చిండాది టీచరమ్మా. నోట మాట లేదు. మీ శ్రుతిపెట్టె మోగతానే ఏడుపు ఆపేసింది," అంది.

గౌరికి ఆరేళ్లు. ఆటిజం ఉంది. నాకు డిగ్రీలేమీ లేవు. ఇంట్లో నాయన దగ్గర నేర్చుకున్న సంగీతమే. దానితోనే దేవుడు నన్ను ఆ పిల్లల మధ్య కూర్చోబెట్టాడు. స్కూల్‌కు వచ్చే డాక్టరమ్మ మ్యూజిక్ థెరపీలో ఒక పద్ధతి నేర్పారు. చిన్న వరుస పాడి, చివరి స్వరం దగ్గర ఆగిపోవాలి. ఆ ఖాళీ బిడ్డది. ఎంతసేపైనా ఎదురుచూడాలి.

తల్లి రాజమ్మ వారానికి రెండుసార్లు పూతలపట్టులో బస్సు మారి తీసుకొచ్చేది. మామిడి కోతల దాకా చూస్తానని, అప్పటికీ పాప నోరు పెగలకపోతే ఇక ఇంట్లోనే ఉంచేయమని భర్త చెప్పాడట. ఆ ఏడాది మామిడి పిందెలు చూసినప్పుడల్లా ఇంకెన్ని వారాలో లెక్కపెట్టుకునేదాన్ని.

తొమ్మిదో వారంలో, నేను ఆగినచోట గౌరి సన్నగా "ఊఁ" అని లాగింది. అది శ్రుతికి బాగా పైన ఉంది. నాయన దగ్గర శ్రుతి తప్పితే తొడ మీద దెబ్బ పడేది. ఆ అలవాటు కొద్దీ "కాదమ్మా, కిందికి" అని సరైన స్వరం పాడి చూపించాను. గౌరి రెండు చెవులూ మూసుకుంది.

మూడు వారాలు మళ్లీ చప్పుడు లేదు. చెట్ల మీద కాయలు ముదురుతున్నాయి. పూజలో నామాలు మధ్యలో మరిచిపోయేదాన్ని. చివరికి నా తప్పు రాజమ్మకు చెప్పేశాను. ఆమె పాపకు జడ అల్లడం ఆపలేదు.

"నేను పిలిస్తే మాత్రం వస్తాదా టీచరమ్మా? అది యాడ కూసోనుంటే ఆడికే పోయి పక్కన కూసుంటా. దానికి మనసైనప్పుడు నా మీద చెయ్యేస్తాది."

ఆ రోజే శ్రుతిపెట్టె మీట తిప్పి, గౌరి తీసిన స్వరం దాకా పెంచాను. అంత పైన నా గొంతు కీచుమనేది. పిల్లి తోక తొక్కినట్టుండాదని మరియమ్మ నవ్వింది.

కోతలకు ముందు ఆఖరి రోజు. పాడాను, ఆగాను. రాజమ్మ తల వంచుకుని నేలకేసి చూస్తోంది. చాలాసేపటికి గౌరి జరిగి వచ్చి నా మోకాలికి ఆనుకుంది. "ఊఁ" అంది. మెచ్చుకోలు కూడా నోట రానివ్వకుండా పెదవి కరుచుకుని, మళ్లీ పాడి ఆగాను. మళ్లీ అంది.

"ఇంటికాడ ఏమని చెప్పేది?" అని అడిగింది రాజమ్మ.

"మాట రాలేదనే చెప్పు. పిలిస్తే పలకతా ఉండాదని కూడా చెప్పు."

భర్త మాన్పించలేదు, కానీ కోతల పనిలో వాళ్లకు రావడం వారానికొక్కసారే కుదిరింది. రాజమ్మ చేతుల నిండా మామిడి సొన మరకలతోనే వచ్చేది.

గౌరికి తర్వాత కూడా మాటలు రాలేదు. కానీ బిడ్డ ఇచ్చిందాన్ని ముందు కళ్లకద్దుకుని పుచ్చుకోవాలని, దిద్దడం ఆ తర్వాతేనని నాకు తెలిసింది. నాకది నేర్పిన రాజమ్మను, మీరు దీపం పెట్టేటప్పుడు ఒక్కసారి తలుచుకోండి.