రిటైల్ బాక్సా, హాబీ బాక్సా: మిల్టన్ కీన్స్‌లో ఒక శనివారం

నంద్యాలలో నా చిన్నప్పుడు బబుల్‌గమ్ ప్యాకెట్లో క్రికెటర్ బొమ్మ ఉన్న కార్డు వచ్చేది. గమ్ కంటే కార్డు మీదే మా ఆరాటం. ఇప్పుడు ఇంగ్లండ్‌లోని స్లౌలో మా అమ్మాయి నిత్యకు ఫుట్‌బాల్ కార్డుల పిచ్చి. సెప్టెంబరులో సెకండరీ స్కూలుకు వెళ్తుంది. శనివారాలు ఇప్పటికే స్నేహితులవైపోయాయి. నాతో బయటికి వచ్చే రోజులు ఇంకెన్ని మిగిలాయోనని నా దిగులు. అందుకే సూపర్‌మార్కెట్లో దొరికే రిటైల్ బాక్సు మేలో, కార్డుల షాపులో అమ్మే హాబీ బాక్సు మేలో రెండూ కొని తేల్చుదామని ఆశ పెట్టాను. వస్తానంది.

తొమ్మిదింటికి గుళ్లో దండం పెట్టుకుని, పెద్ద కార్డుల షాపున్న మిల్టన్ కీన్స్‌కు బయలుదేరాం. ఎం25, ఎం1 మోటార్‌వేల మీదుగా గంటుంపావు. అక్కడి రౌండబౌట్లలో దారి తప్పి మరో పావుగంట తిరిగాం. ముందు సూపర్‌మార్కెట్లో రిటైల్ బాక్సు తీసుకున్నాం: ఇరవై ఐదు పౌండ్లు, పది ప్యాకెట్లు. తర్వాత కార్డుల షాపులో హాబీ బాక్సు: తొంభై ఐదు పౌండ్లు. ప్యాకెట్లు ఆరే, కానీ ఆటగాడి సంతకమున్న కార్డు ఒకటి ఖాయం. ధర విని గుండె జారినా, బింకంగా డబ్బు కట్టేశాను.

హాబీ బాక్సు షాపులోనే విప్పాం. నాలుగో ప్యాకెట్లో సంతకం కార్డు వచ్చింది. నిత్య దాన్ని నా చేతిలో పెట్టింది. కొత్త పుస్తకం చేతికొస్తే చేసినట్టే కళ్లకద్దుకుని నుదుటికి తాకించాను. గుళ్లో పెట్టుకున్న కుంకుమ కార్డు అంచుకు అంటుకుంది. మరక పడితే సగం ధర కూడా రాదని షాపు పెద్దాయన తల పట్టుకున్నాడు. నేను గబుక్కున జేబురుమాలు తీశాను.

"తప్పయిపాయ తల్లీ. తుడిచేదా?"

"నో నాన్నా, డోంట్ రబ్ ఇట్. అమ్మనులే." కార్డును కవరులో పెట్టుకుంటూ అడిగింది: "నీ క్రికెట్ కార్డ్స్‌కి కూడా ఇలాగే చేసేవాడివా?"

"అన్నిటికీ చేసేవాణ్ణి. కండ్లకంతా గమ్ము పొడి అంటుకునేది."

నిత్య పడీపడీ నవ్వింది.

తిరుగు ప్రయాణంలో రిటైల్ ప్యాకెట్లు ఒక్కొక్కటే విప్పుతూ కూర్చుంది. అన్నీ మామూలు కార్డులే, అందులో ఒక ఆటగాడు మూడుసార్లు వచ్చాడు. ఒక్కో ప్యాకెట్‌కు ఒక్కో కబురు: కొత్త స్కూలంటే భయమని, ప్రాణస్నేహితురాలు వేరే స్కూలుకు వెళ్లిపోతోందని. ఇవేవీ అప్పటిదాకా నాకు తెలియవు.

విలువ చూసుకుంటే హాబీ బాక్సే మేలు. రిటైల్‌లో ఏదీ ఖాయం కాదు. అయినా ఆ రోజు నాకు దక్కిందంతా ఆ ఇరవై ఐదు పౌండ్ల బాక్సులోంచే వచ్చింది. పిల్లలతో వెళ్లేవాళ్లకు ఒక్క మాట: రిటైల్ బాక్సు షాపులో విప్పకండి, తిరిగి వచ్చేటప్పుడు కారులో వాళ్ల చేతికివ్వండి. మోటార్‌వే మీద ట్రాఫిక్ ఆగిపోతే ఇంకా మంచిది.